మంచి నీళ్ళతో కడగాలి

మొన్న మంగళవారం ఉదయం ఆరూ నలభైకి మంచినీళ్ళ ఆటో మా వీధిలోకి వచ్చింది. రోజూ వచ్చేదే. ముందు మైకు వినిపిస్తుంది, కాసేపటికి ఆటో కనిపిస్తుంది. మైకులో ఒక ఆడగొంతు రికార్డు చేసిన మాటనే మళ్ళీ మళ్ళీ చెబుతూ పోతుంది. నడిపే అతను కొత్తవాడు. మా గేటు ముందు ఆపి ఒక క్యాన్ దించి, రెండో దాని మీద చెయ్యి వేసి ఆగాడు.

"సార్, మీరు ఒక్కరే గదా ఉండేది. రెండెందుకు?"

"ఒకటి తాగేదానికి. ఇంకోటి కార్లకు."

అతను గేటు మీదుగా వాకిట్లోకి చూశాడు. మా వాకిట్లో కారు లేదు. ఎప్పుడూ లేదు. "మంచినీళ్ళతో కార్లు కడుగుతారా సార్" అని మెల్లగా అని, ఇంకేమీ అడగకుండా రెండో క్యాన్ కూడా దించి పోయాడు. రిటైరైన అయ్యవార్ల గురించి ఊళ్ళో ఉండే అభిప్రాయానికి అతని వంతు కూడా కలిసి ఉంటుంది. నేనేమీ అనుకోలేదు. మూడు నెలల కిందటే నాకు కూడా ఆ ప్రశ్న రావాల్సింది. వచ్చి ఉంటే బాగుండేది కూడా.

మా ఊరు ఇందుకూరుపేట మండలంలో, సముద్రానికి నాలుగు కిలోమీటర్ల ఇవతల ఉంది. నేను ఉద్యోగంలో చేరి ఇక్కడికి వచ్చినప్పుడు బడి వెనక చేతిపంపు నీళ్ళు తాగేవాళ్ళం. పొలాలు రొయ్యల గుంటలయ్యాక బోర్ల నీళ్ళు మెల్లగా ఉప్పెక్కాయి. ఏ రోజు నుంచి అంటే చెప్పలేను. ఒక రోజు టీ విరిగిపోయింది, పాలవాణ్ణి తిట్టుకున్నాం. తర్వాత సబ్బు నురగ రావడం మానేసింది, సబ్బును తిట్టుకున్నాం. కుళాయి మూతికి తెల్లటి పొక్కు కట్టినప్పుడు గాని నీళ్ళను తిట్టుకోవాలని తెలియలేదు. అప్పటినుంచి ఇంట్లో రెండు రకాల నీళ్ళు. వాడుకకు ఉప్పునీళ్ళు, తాగడానికి మంచినీళ్ళు. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాటలు వచ్చే వయసుకే ఈ తేడా వచ్చేస్తుంది. నాకు అరవై ఎనిమిదేళ్ళు. ముప్పై నాలుగేళ్ళు తెలుగు చెప్పాను.

కార్లంటే అరచేతిలో పట్టే కార్లు. నల్లటి ప్లాస్టిక్ పలకలను ఒకదానికొకటి తగిలించి నేల మీద ఒక బాట పరుస్తారు. బాటలో పొడవునా రెండు సన్నటి గాడులు ఉంటాయి, ఒక్కో గాడికి అటూ ఇటూ రెండు ఇనప పట్టీలు. కారు ముక్కు కింద ఉండే చిన్న నాలుక గాడిలో దిగుతుంది, దాని పక్కనున్న రాగి అల్లికలు పట్టీల మీద రాసుకుంటూ కరెంటు తీసుకుంటాయి, లోపల ఉసిరికాయంత మోటారు తిరుగుతుంది. మన చేతిలో ఒక మీట. నొక్కితే కారు పోతుంది, ఇంకా నొక్కితే ఇంకా వేగంగా పోతుంది. మలుపు వచ్చేముందు వేలు తీయాలి. తీయకపోతే కారు గాడి తప్పి ఎగిరి గోడ పక్కన పడుతుంది. ఆట మొత్తం ఇంతే. ఇంగ్లీషులో స్లాట్ కార్లంటారు. మా ఇంట్లో గాడి కార్లనే పేరు, పెట్టింది మా అత్తగారు.

ఆమె మిషను ఆసుపత్రిలో పనిచేసే ఒక విదేశీ డాక్టరమ్మ బంగళాలో వంట చేసేది. డాక్టరమ్మ పిల్లలు పెద్దవాళ్ళై, ఆ కుటుంబం తమ దేశానికి తిరిగి వెళ్ళిపోతున్నప్పుడు, సామాన్లలో పట్టని అట్టపెట్టె ఒకటి మా అత్తగారికి ఇచ్చారు. అందులో బాట, ట్రాన్స్‌ఫార్మరు, రెండు మీటలు, రెండు కార్లు. ఒకటి నీలం, గీత పడనిది. ఇంకోటి ఎరుపు, ముందు అద్దం పగిలింది, ఒక చక్రం వంకర. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది ముందు ఎంచుకుంది. అందుకే మా వదినకు నీలం కారూ, మా ఆవిడకు బాగుచేసే పనీ వచ్చాయి.

అక్కచెల్లెళ్ళ పందెం ఏడాదికి ఒక్కసారి, ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందు రోజు మధ్యాహ్నం. మర్నాటి ఆరాధన కోసం, ఆ తర్వాత బంగళాలో దిగిన కొత్త డాక్టరు కుటుంబమంతా చర్చిలో మట్టలు కట్టే పనిలో ఉండేవాళ్ళట, మా అత్తగారికి వంట ఉండేది కాదు. ఆ ఒక్క పూటా ఆమె ఇంట్లో ఉండి పిల్లల ఆట చూసేది. పది చుట్లు. ఓడిన మనిషి రెండు కార్లూ కడగాలి. ఈ షరతు కూడా అత్తగారిదే. ఆడినంతసేపు ఆడి దుమ్ముతోనే పెట్టెలో పడేస్తున్నారని విసుగొచ్చి పెట్టింది. తర్వాత అత్తగారు పోయారు, బంగళా పోయింది, ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. వదిన వాకాడు వైపు ఒక ఊరికి కాపురానికి వెళ్ళింది. పందెం మాత్రం ఆగలేదు. ఏటా ఆ శనివారం వదిన బస్సు దిగి, సంచిలోంచి చీర కంటే ముందు నీలం కారు తీసేది.

పెళ్ళైన మొదటి ఏడు నేను ఇది చూసి కొంత కంగారుపడ్డాననే చెప్పాలి. ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియనుగా పనిచేసే మా ఆవిడ, చీర కుచ్చిళ్ళు సర్దుకుని నేల మీద బోర్లా పడుకుని, బొమ్మ కారుకు ముఖం ఆనించి చూస్తోంది. "ఏమండీ, మలుపు దగ్గర నిలబడండి, పడితే ఎత్తిపెట్టండి" అంది. నాకు దొరికిన ఉద్యోగం అది. నలభై ఏళ్ళు మలుపు దగ్గర నిలబడ్డాను. పడేది ఎప్పుడూ ఎర్ర కారే. మొదట్నుంచీ ముందుండేది, ఎనిమిది చుట్లు, తొమ్మిది చుట్లు, పదో చుట్టులో చివరి మలుపు దగ్గర ఎగిరేది. నేను ఎత్తి గాడిలో పెట్టేలోపు నీలం కారు గీత దాటేసేది. "ఓడిపోయినా" అనేది మా ఆవిడ, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. బాగుచేయడం వచ్చు గాని ఆడడం రాదు అనుకునేవాణ్ణి. ఆ మాట పైకి కూడా ఒకటి రెండుసార్లు అన్నాను.

బాగుచేయడం మాత్రం నిజంగా వచ్చు. రెండు కార్లతో మొదలైంది ముప్పై దాకా పోయింది. చెన్నైలో పాత సామాన్ల అంగళ్ళలో ముక్కలు ముక్కలుగా దొరికినవి కొన్ని, ఆమె సంగతి తెలిసి ఎవరెవరో కొరియరులో పంపినవి కొన్ని. సముద్రపు గాలికి ఇనుము నిలవదు. ఏడాది కదపకపోతే బాట పట్టీలు ఎర్రగా తుప్పెక్కుతాయి. పిల్లలు పెన్సిలు గీతలు చెరిపే రబ్బరుతో ఆమె వాటిని అడుగు అడుగునా రుద్దేది. అరిగిపోయిన రాగి అల్లికల బదులు పాత కేబుల్ టీవీ వైరు చీల్చి లోపలున్న రాగి వల తీసి కత్తిరించేది. మిక్సీ కార్బన్లను అరగదీసి, మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే బ్రష్షులు చేసేది. గీతలు పడ్డ ఒళ్ళును పళ్ళపొడితో కాదు, పేస్టుతోనే రుద్దాలి. ఇరుసుకు కుట్టుమిషను నూనె, అది కూడా సూదిమొన మీద నిలిచేంత. ఎక్కువైతే చక్రాల మీదికి పాకుతుంది, చక్రం జారుతుంది.

చక్రాల సంగతికొస్తే మా అమ్మను తలుచుకోవాలి. పాత రబ్బరు చక్రాలు ఎండి రాయిలా అవుతాయి. వాటిని నొప్పుల నూనెలో నానబెడితే మెత్తబడతాయని మా ఆవిడ ఎలాగో కనిపెట్టింది. గంధపూర తైలం, మోకాళ్ళకు రాసుకునేది. మా అమ్మ సీసా వారానికే ఖాళీ అవుతుండేది. "ఏమ్మా కోడలా, నాకా నొప్పులు, నీ కార్లకా?" అని అడిగింది ఒక రోజు. "రెంటికీ వయసైంది గదత్తా" అంది ఈమె. మా అమ్మ నవ్వి, ఆ తర్వాత నుంచి రెండు సీసాలు తెప్పించుకునేది. మా ఇంటికి వచ్చినవాళ్ళు గడప దాటగానే "ఎవురికి బాగాలేదు?" అని అడిగేవాళ్ళు. ఇల్లంతా ఆ వాసన.

చేసే ప్రతి పనినీ ఆమె ఒక రెండొందల పేజీల నోటుబుక్కులో రాసేది. ల్యాబు అలవాటు. ఏ కారు, ఏ లోపం, ఏం చేసింది, ఏం ఫలితం. నాది ఇంకో అలవాటు. ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆ నోటుబుక్కు దిద్దేవాణ్ణి. ఆమె ఒత్తులు తప్పేది కాదు గాని, కలిపి రాయాల్సిన మాటల్ని విడగొట్టేది. 'కుట్టు మిషను', 'మంచి నీళ్ళు', 'సూది మొన'. నేను రెండు మాటల మధ్య కింద ఒక చిన్న వంపు గీత గీసేవాణ్ణి, కలపమని. మంచినీళ్ళు అంటే తాగే నీళ్ళు, అది ఒక మాట, మంచి నీళ్ళు అని విడదీస్తే ఏవో బాగున్న నీళ్ళు అని అర్థం మారిపోతుంది అని చెప్పాను కూడా. "చదివేవాడికి ఏ నీళ్ళో తెలియదా?" అని ఆమె. "రాసింది చదువుతాం గాని రాసినవాళ్ళ మనసు చదవం" అని నేను. కొన్నాళ్ళకు నోటుబుక్కు నాకు కనబడకుండా పోయింది. బీరువాలో చీరల కింద పెట్టిందని చాలా కాలానికి తెలిసింది. అప్పటినుంచి రాసిన పేజీల్లో ఎర్ర గీతలు లేవు.

పోయిన నవంబరులో, తుఫాను వాన తెరిపిచ్చిన రెండో రోజు, ఆమె పోయింది. జబ్బు గురించి రాయను. సమాధి దగ్గర పాస్టరుగారు ఆమె తన పరుగు చక్కగా ముగించిందని చెప్పారు. క్రైస్తవుల ఇళ్ళలో అందరి గురించీ చెప్పే మాటే. నా పక్కన నిలబడ్డ వదిన, "అది యే పరుగూ ముగించలా" అని గొణిగింది. దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకున్నాను. ఇంటికి వచ్చినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. ఆమె ఎక్కడికీ పోలేదు, ఆ కార్లలోనే ఉంది అన్నారు ఒకరు. లేదు. ఆమె కార్లలో లేదు. కార్లలో మోటార్లుంటాయి.

ఈస్టరు ముందు నలభై రోజుల లెంటు కూడికలు మొదలైన వారంలో వదిన ఫోను చేసింది. "మరిదీ, శనివారం వస్తుండా, మట్టల ముందు శనివారం. నీలం కారు నేను తెస్తా. దాని ఎర్రది నువ్వు తీసి పెట్టు. దాని బదులు నువ్వు ఆడు."

"నాకు ఆడడం రాదు వదినా."

"రాకపోతే ఓడిపో. ఓడిపోవడానికి చదువు కావాల్నా?" అని, నేను ఇంకేదో అనేలోపు, మెల్లగా అంది. "నాకు డెబ్బై మూడు. ఇంకెన్నిసార్లు వస్తానో తెలీదు. అది పోయిన ఏడే పందెం ఆగిందని అనిపించుకోవద్దు. ఆ కారు నడవాల."

నడిపిస్తానన్నాను. ఇందులో ఏముంది అనుకున్నాను. నోటుబుక్కు ఉంది, అందులో ఎర్ర కారు పేజీ ఉంది. బీరువా తీసి చీరల కింద నుంచి తీశాను. ఆమె జబ్బు పడేముందు ఎర్ర కారును విప్పి, కొత్త బ్రష్షులు వేసి, మూత బిగించకుండా ట్రేలో పెట్టి ఉంచింది. మిగిలిన పని రాసి ఉంది. "బ్రష్షులు కొత్తవి గనక సర్దుకోవాలి. గ్లాసులో మంచి నీళ్ళు పోసి మోటారు ముంచి, బ్యాటరీతో నిమిషం సేపు తిప్పాలి. తర్వాత మంచి నీళ్ళతో కడగాలి. ఎండలో ఆరబెట్టాలి." నీళ్ళలో తిప్పితే కొత్త కార్బను మెత్తగా అరిగి మోటారుకు అతుక్కున్నట్టు కూర్చుంటుందట. ఆ సంగతి ముందు పేజీల్లో ఉంది.

మంచి నీళ్ళు. విడిగా రాసింది. నేను చాలాసేపు ఆ రెండు మాటల మధ్యనున్న ఖాళీ వైపు చూశాను. అన్నిసార్లు దిద్దాక, అర్థం ఎలా మారుతుందో విడమరిచి చెప్పాక, ఆమెకు తెలియకుండా ఉంటుందా? విడిగా రాసిందంటే కావాలనే విడిగా రాసి ఉంటుంది. తాగే నీళ్ళని కాదు, మురికి లేని నీళ్ళని. కుళాయి తిప్పాను. ధారలో నలుసు లేదు. అద్దంలా ఉన్నాయి. గ్లాసు నింపి, మోటారు ముంచి, బ్యాటరీ తీగలు తాకించాను. మోటారు తిరిగింది. చుట్టూ బుడగలు లేచాయి. నీళ్ళు ముందు పచ్చగా, తర్వాత గోధుమరంగుకు మారాయి. ఎంత మురికి పోతోందో అని సంతోషించి, నిమిషం చాలదనిపించి, ఐదు నిమిషాలు తిప్పాను. అదే కుళాయి కింద కడిగాను. ఎండలో పెట్టాను. పెట్టెలో దూది పరిచి పడుకోబెట్టాను. రాత పనివాళ్ళు చేసే తప్పులు చాలా చూశాను గాని, ఉప్పునీళ్ళ ఊళ్ళో నలభై ఏళ్ళు కాపురం చేసి మంచినీళ్ళంటే ఏమిటో వ్యాకరణంలో వెతికినవాణ్ణి నన్ను తప్ప ఎవరినీ చూడలేదు.

వారం తర్వాత పెట్టె తెరిస్తే మోటారు బిగుసుకుపోయి ఉంది. ఇరుసు చుట్టూ ఎర్రటి తుప్పు, రాగి మీద పచ్చటి పొక్కు. ఉప్పునీళ్ళలో కరెంటు పెడితే రాగిని కొరికేస్తుందని హైస్కూల్లో సైన్సు అయ్యవారు పక్క గదిలో ఏటా చెప్పేవాడు, గోడ అవతల నేను పాఠం చెబుతూ వింటూనే ఉండేవాణ్ణి. ఆ రోజు కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆమె పోయినప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు. ఇది మాత్రం నేను చేసింది. యాభై ఏళ్ళకు పైగా ఆ గాలిలో ఆమె నిలబెట్టుకొచ్చిన కారును ఐదు నిమిషాల్లో పాడుచేశాను. పందేనికి పంతొమ్మిది రోజులుంది.

మర్నాడు నోటుబుక్కు మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఈసారి పెన్సిలు లేకుండా. మూడు రోజులు పట్టింది. అప్పుడు గాని ఆమె ఏం రాసిందో నాకు తెలియలేదు. నా ఎర్ర గీతలున్న పేజీలన్నీ నేను ముందే చూశాను గాని ఒక్కటీ చదవలేదు. అందులో అన్నీ ఉన్నాయి. బిగుసుకున్న ఇరుసును బలవంతంగా తిప్పకూడదు, నూనె చుక్క వేసి రాత్రంతా వదిలేయాలి. పచ్చటి పొక్కును గోకకూడదు, రబ్బరుతో రుద్దాలి. జిడ్డు తుడిచే లైటరు పెట్రోలు కారు ఒంటి మీద పడకూడదు, రంగు పోతుంది. నేను అలాగే చేశాను. ఇరుసు ఐదో రోజుకు కదిలింది. తుప్పు పోయింది. బ్రష్షులు మళ్ళీ చేశాను, మొదటి జత విరిగింది, రెండో జత ఎక్కువ అరిగింది, మూడోది కూర్చుంది. కడగాల్సి వచ్చినప్పుడు ఈసారి కుళాయి దగ్గరికి కాదు, క్యాన్ దగ్గరికి పోయాను. బ్యాటరీ పెట్టాను. ఉలుకూ పలుకూ లేదు.

మైపాడు రోడ్డు మీద రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికి గాలి పట్టించే ఏరియేటర్ల మోటార్లకు తీగ చుట్టే షాపు ఉంది. దాని ఓనరు నా దగ్గర చదువుకున్నవాడు, తెలుగులో రెండుసార్లు తప్పాడు. ఇప్పుడు యాభై ఏళ్ళుంటాయి. రుమాలు విప్పి ఎర్ర కారు మోటారు బల్ల మీద పెట్టాను. చుట్టూ గుమ్మడికాయలంత మోటార్లు.

"ఏంది సార్, మేం ఏనుగులకు మందిచ్చేవాళ్ళం, మీరు చీమను తెచ్చినారు" అన్నాడు. తర్వాత దాన్ని తిప్పి చూసి గుర్తుపట్టాడు. ముఖం మారింది. "ఇది అమ్మ కారు. ఎవురు సార్ దీన్ని ఇట్ట చేసింది?"

"నేనే. ఉప్పునీళ్ళలో తిప్పాను."

అతను భూతద్దం అందుకున్నాడు. తిట్టకపోవడం అతని మంచితనం. నేనైతే అతన్ని ఇంతకంటే చిన్న తప్పులకు బెంచీ ఎక్కించాను. మోటారును అటూ ఇటూ తిప్పి చూసి, "చుట్టిన తీగ బాగానే ఉండాది సార్. చివర అతుకు తినేసింది ఉప్పు. ఒక చుట్టు విప్పి మళ్ళా అతికిస్తే సరిపోతుంది" అన్నాడు. చెయ్యమన్నాను. అతను తల అడ్డంగా ఊపి ఒక స్టూలు ముందుకు జరిపాడు. "అమ్మ నన్ను చెయ్యనిచ్చేది కాదు. చూపిచ్చు, నేను చేస్తా అనేది. ఇక్కడే కూర్చోని నేర్చుకున్నింది. కూర్చోండి."

కూర్చున్నాను. వెంట్రుక కంటే సన్నటి తీగ. టంకం కడ్డీ మొన తీగ మీద పెడితే పక్కకు పోతూనే ఉంది.

"మణికట్టు బల్లకు ఆనించండి సార్. చేతిని ఆపద్దు, చేతికి ఆసరా ఇయ్యండి. ఆఁ. అంటించి తీసేయండి. తుడవద్దు. రెండోసారి దిద్దద్దు సార్, దిద్దితే ఊడిపోద్ది."

మొదటిసారి ఊడింది, నేను దిద్దాను గనక. రెండోసారి దిద్దలేదు. నిలిచింది. అతను బ్యాటరీ తీగలు తాకించాడు. మోటారు తుమ్మెదలా మోగింది. "పాసైనారు సార్" అన్నాడు, నవ్వకుండా. మజూరీ అడిగితే, అమ్మ దగ్గర ఎప్పుడూ తీసుకోలేదన్నాడు.

మిగిలిన రోజులు ఆడడం నేర్చుకున్నాను. హాల్లో బాట పరిచి, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఏడు రోజులు కారు గోడకు కొట్టుకుంది. తర్వాత వేలికి తెలిసింది. నొక్కడం కాదు, తీయడం నేర్చుకోవాలి. ఎక్కడ తీయాలో కంటితో చూసి తీస్తే అప్పటికే ఆలస్యం. మోటారు మోత వినాలి. ఇది కూడా నోటుబుక్కులో ఉంది, "చెవితో నడపాలి" అని. అంత రాసుకున్న మనిషి చివరి మలుపులో ఎందుకు పడేసేదో నాకు అంతుబట్టలేదు. అడగడానికి ఆమె లేదు.

ఆ శనివారం వదిన పదకొండు గంటల బస్సుకు దిగింది. మోకాలికి పట్టీ, భుజానికి సంచి. గడపలో ఆగి గాలి పీల్చి, "నూనె వాసన వస్తుండాది" అంది, అంతే. అన్నం తిని మధ్యాహ్నం కూర్చున్నాం. నేల మీద పడుకునే వయసు ఇద్దరిదీ కాదు, బాట పక్కన చెరో పీట. మలుపు దగ్గర ఎవరూ లేరు. "పడితే నువ్వే లేచి పోవాల" అంది వదిన.

మొదటి చుట్టులోనే నీలం కారు ముందుకు పోయింది. వదిన మంచి ఆటగత్తె, అది అబద్ధం కాదు. నాలుగో చుట్టుకు పట్టుకున్నాను. ఏడో చుట్టులో ఆమె కారు తూలింది గాని పడలేదు. "అయ్యవారు బాగానే చదివినాడే" అంది, బాట మీద నుంచి చూపు తిప్పకుండా. తొమ్మిదో చుట్టుకు రెండూ పక్కపక్కన. పదో చుట్టు, చివరి మలుపు. మోత విని వేలు తీశాను. ఎర్ర కారు తోక కొంచెం ఊగింది, సర్దుకుంది, మలుపు తిరిగి గీత దాటింది. నీలం కారు మూరెడు వెనక.

వదిన మీట కింద పెట్టింది.

"దాని కారు ఈ మలుపు దాటేది ఇదే మొదలు నేను చూడ్డం."

"ఆమెకు వేలు తీయడం తెలుసు వదినా. రాసి పెట్టింది. మరి ఎందుకు పడేసేదో..."

"ఏంది మరిదీ, నలభై ఏండ్లు మలుపులోనే నిలబడినావే. నీకు తెలీలా?" వదిన నా వైపు తిరిగింది. "తొమ్మిది చుట్లు వేలు తీసేది, పదో చుట్టులో మరిచిపోయేదా? గెలిస్తే కడిగేది నేను గదా. నాకు కడగడం రాదు, చిన్నప్పుడు ఒకసారి కడిగి చక్రం పోగొట్టినా, సబ్బు నురగతోపాటు కాలవలో పారబోసినా. ఆ రోజు అది యేడవలా. ఆ ఏడు నుంచి ఒక్కసారి గెలవలా. పోయిన ఏడుదాకా ఓడిపోతానే ఉండింది. నాకు తెలుసని దానికి తెలుసు. ఒక్క మాట అనుకోలేదు ఇద్దరం."

నేను ఎత్తిపెట్టిన కార్లన్నీ గుర్తొచ్చాయి. ఆడడం రాదని పైకి అన్న మాట కూడా. ఆ మాటకు ఆమె అప్పుడు నవ్వింది. ఆ నవ్వుకు అర్థం ఏమిటో నాకు ఇప్పుడు తెలుసు, ఎవరికీ చెప్పుకోవాల్సిన అవసరం లేదు.

"షరతు షరతే" అని వదిన లేచింది. "నేను ఓడిపోయినా. యేం చెయ్యాలో చెప్పు." నోటుబుక్కు ఇచ్చాను. కళ్ళద్దాలు పెట్టుకుని వేలు పెట్టి చదివింది. మంచి నీళ్ళతో కడగాలి అన్న చోటికి వచ్చింది. ఒక్క క్షణం కూడా ఆగకుండా, కుళాయి పక్కనుంచే నడిచి వెళ్ళి, క్యాన్ వంచి గిన్నె నింపుకుని వచ్చి కూర్చుంది. ఆ రెండు మాటల మధ్య ఖాళీ ఉందని ఆమె చూడనే లేదు. అప్పుడు నేను నా ఘనకార్యం చెప్పాను. గ్లాసు, బుడగలు, ఐదు నిమిషాలు, వారం తర్వాత పెట్టె, అన్నీ. వదిన చేతిలో బ్రష్షు కింద పెట్టి నవ్వింది. చాలాసేపు నవ్వింది. నవంబరు తర్వాత మా ఇంట్లో ఎవరైనా అంతగా నవ్వడం అదే. "దానికి తెలుగు రాదని దిద్దినావు గదా నువ్వు" అంది, కళ్ళు తుడుచుకుంటూ. నేను కూడా నవ్వాను. తర్వాత ఆమె కడుగుతుంటే నేను పక్కన కూర్చుని ఒక్కో చక్రం లెక్కపెట్టి తీసుకుని గుడ్డ మీద పరిచాను. ఎనిమిదీ ఉన్నాయి.

వదిన మర్నాడు ఆరాధన అయ్యాక బస్సెక్కింది. నీలం కారు ఈసారి తీసుకుపోలేదు. రెండూ ఒకచోటే ఉండనీ, వచ్చే ఏడు వస్తానుగా అంది. ఇప్పుడు కొరియరులో ఎవరైనా పాత కారు పంపితే నేను తిప్పి పంపడం లేదు. నాకు ఈ పని వచ్చు, ఆ మాట సంకోచం లేకుండా చెప్పగలను. చేసింది చేసినట్టు నోటుబుక్కులో ఆమె ఆపిన పేజీ తర్వాత నుంచి రాస్తున్నాను. ఎర్ర కారు పేజీలో ఆ రెండు మాటల కింద ఒకసారి పెన్సిలు పెట్టాను, గీయకుండా తీసేశాను. వచ్చే ఏడు పందెంలో ఎవరు గెలిస్తే వాళ్ళే గెలుస్తారు, ఓడినవాళ్ళు కడుగుతారు. ఇద్దరం గెలవాలనే ఆడతాం. కావాలని ఓడిపోవడం మా ఇంట్లో ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.